ఆర్కేడ్ బటన్ ఇరుక్కుందా? కొత్తది కొనకండి, ఉన్నదాన్ని బయటకు తీయండి

ఇంట్లో చెక్కతో గేమ్ ప్యానెల్ చేసుకున్నవాళ్లు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "బటన్లు నాసిరకంవి వచ్చాయి, మార్చాలేమో." ప్యానెల్ తిరగేసి ఒక్క నట్టు విప్పి చూడడానికి బద్ధకం, కొత్త సెట్టుకు డబ్బు కట్టడానికి మాత్రం తొందర.

ఒక్క బటనూ పలకదు

ముందు యూఎస్‌బీ కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్లు ఛార్జింగుకే పనికొస్తాయి, డేటా మోయవు. బటన్లను కంప్యూటర్‌కు కలిపే బోర్డు మీద లైటు వెలుగుతోంది కదా అని వాదించకండి, లైటుకు కరెంటు చాలు. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల జాబితాలో బోర్డు కనిపిస్తే కేబుల్ బాగున్నట్టే.

మూడో బటన్ దాకా బాగానే ఉంది, తర్వాతివన్నీ పోయాయి

అన్ని బటన్లకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండు తీగను గొలుసులా ఒక బటన్ నుంచి మరో బటన్‌కు లాగి ఉంటారు. పనిచేసే ఆఖరి బటన్‌కూ పనిచేయని మొదటి బటన్‌కూ మధ్య లగ్గు (తీగ కొసన ఉండి, బటన్ కాలుకు తొడిగే రేకు ముక్క) వదులైంది. సన్వా (జపాన్ కంపెనీ) రకం బటన్లకు 2.8 మి.మీ. లగ్గులు, అడుగున పెద్ద మైక్రోస్విచ్చు (నొక్కితే టక్కుమనే స్విచ్చు) ఉండే అమెరికన్ రకానికి 4.8 మి.మీ. లగ్గులు కావాలి. పెద్దదాన్ని చిన్న కాలుకు తొడిగి పట్టుకారుతో నొక్కేస్తే నాలుగు రోజులు ఆగుతుంది, అంతే.

ముట్టుకోకపోయినా నొక్కినట్టే ఉంటోంది

మూడు కాళ్ల మైక్రోస్విచ్చులో తీగను ఎన్‌సీకి (నొక్కకపోయినా కలిసి ఉండే కాలు) ఇచ్చారు. ఎన్‌ఓకి (నొక్కితేనే కలిసే కాలు) మార్చండి.

లోపలికి వెళ్తుంది, తిరిగి పైకి రాదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒకసారి రోహిణి కార్తె ఎండల్లో హనుమకొండలోని మా అక్క కొడుకు కోసం 9 మి.మీ. ఎండీఎఫ్‌తో (చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలక) ప్యానెల్ చేశాను. 30 మి.మీ. హోల్ సాతో రంధ్రాలు కోసి, రెండు పూతలు ఎనామెల్ పెయింటు వేసి, నట్టుతో పట్టే మర బటన్లు బిగించాను. చక్కగా ఆడాయి. వానలు మొదలై ముసురు పట్టాక వాడి ఫోను: "మామా, జంప్ బటన్ నొక్కితే లోపలే ఉండిపోతోంది."

స్ప్రింగు పోయిందనుకుని బటన్ మార్చాను. వారం తిరక్కముందే అదీ ఇరుక్కుంది. మైక్రోస్విచ్చు మార్చాను. దాని పక్కది మొదలుపెట్టింది. మూడోసారి విసుగొచ్చి బటన్‌ను ఊడబీకి అరచేతిలో పెట్టుకుని నొక్కితే టకటకా ఆడింది. మళ్లీ రంధ్రంలో దించి నట్టు బిగించగానే మొండికేసింది. మొదటి రోజే చేయాల్సిన పరీక్ష అది.

బటన్ తల ఒక ప్లాస్టిక్ గొట్టంలో పైకీ కిందికీ జారుతుంది. ఆ రెంటి మధ్య సందు చాలా తక్కువ. ఎండీఎఫ్‌లో కోసిన అంచు తేమ పీల్చి ఉబ్బుతుంది. రంధ్రం లోపలికి కారి ఎండిన పెయింటు దానికి తోడు. రెండూ కలిసి గొట్టాన్ని చుట్టూ నొక్కితే తల ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నట్టును పట్టుకారుతో బిగించి ఉంటే ఇంకా నాశనం.

కాబట్టి ముందు నట్టును అర చుట్టు వదులు చేసి నొక్కి చూడండి. బటన్ పైకి వచ్చిందంటే బిగింపే ఎక్కువైంది. రాకపోతే బయటకు తీసి చేతిలో నొక్కండి. చేతిలో ఆడితే పని చెక్కది. చపాతీ కర్ర పిడికి 120 నంబరు గరుకు కాగితం చుట్టి రంధ్రం గోడను సమంగా రుద్దండి. బటన్ తన బరువుకే జారి కూర్చోవాలి, బొటనవేలితో తొయ్యాల్సి వస్తే ఇంకా రుద్దాలి. తర్వాత కోసిన అంచు తేమ పీల్చకుండా పలచగా సీలర్ పూసి, పూర్తిగా ఆరాక సన్న కాగితంతో మరోసారి రుద్దండి. నట్టుకు వేళ్ల బిగింపు, ఆపైన పావు చుట్టు. అంతకు మించి వద్దు.

చెడిపోయిందని నేను పక్కన పడేసిన బటన్ ఇప్పుడు అదే ప్యానెల్‌లో రెండో ఆటగాడి వైపు పనిచేస్తోంది.

బటన్ నిలవదు, ఊడొస్తోంది

18 మి.మీ. ప్లైవుడ్డులో క్లిప్పు రకం (నట్టు లేకుండా పక్క కొక్కేలతో పట్టుకునేవి) పెట్టారు. అవి పలుచని రేకు, ప్లాస్టిక్ ప్యానెళ్లకు చేసినవి. మర రకం తీసుకోండి. దాని నట్టు కూడా అందకపోతే కింది వైపు నుంచి, నట్టుతో పాటు వేళ్లు కూడా పట్టేంత వెడల్పుగా చెక్కను లోతు చేయించండి.

బోర్డు కాలిపోవడం, మైక్రోస్విచ్చు లోపల విరిగిపోవడం కూడా జరుగుతాయి. పైవన్నీ చూశాక కూడా బటన్ పలకకపోతే అప్పుడు మల్టీమీటర్ బయటకు తీయండి.