అమెరికాలో ‘వెనకబడ్డాం’ అని చెప్పే మాటలు: కొత్తగా వచ్చినవారికి

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లలో ఇంగ్లిష్ రాక ఇబ్బంది పడేవాళ్లు తక్కువే. ఆలస్యానికి, వెనకబడటానికి ఇక్కడ వాడే మాటల్లో ఏది తేలిక, ఏది బరువు అన్నది తెలియకే చిక్కులు వస్తాయి. తేలిక మాటకి రాత్రంతా టెన్షన్ పడతాం, బరువైన మాట ఉన్న కవరుని తెరవకుండా పక్కన పడేస్తాం. ఎక్కువ నష్టం ఈ రెండోదానితోనే.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. ఇంట్లో చెప్పుకోలేని మాట. ఇక్కడ మొదటి ఉద్యోగంలో మేనేజరు ‘మన బ్యాక్‌లాగ్ చూద్దాం’ అంటే కంగారు పడకండి. టీము ముందు ముందు చేయాల్సిన పనుల జాబితా అది. దాని నిండా పనులు ఉండటం మామూలే, అందులో ఎవరి తప్పూ లేదు.

ఆఫీసులో రోజూ వినపడేవి ‘రన్నింగ్ లేట్’, ‘రన్నింగ్ బిహైండ్’. ఇవి చాలా తేలిక మాటలు, డైరెక్టర్లు కూడా మొహమాటం లేకుండా వాడతారు. ‘ఎట్ రిస్క్’ అంటే గడువు ఇంకా దాటలేదు, దాటేలా ఉంది. ‘స్లిప్ అయింది’ అంటే తేదీ జారిపోయింది. అన్నిటికన్నా పనికొచ్చే మాట ‘బ్లాక్డ్’. పని నా వైపు నుంచి ఆగలేదు, ఇంకొకరు ఏదో ఇవ్వాలి అని దాని అర్థం.

సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్ (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న టీము మీటింగ్) అనుకోండి. లీడ్ ‘ఆర్ వి ఆన్ ట్రాక్ ఫర్ థర్స్‌డే?’ అని అడుగుతారు. మనవాళ్ల నోట ‘ఆల్మోస్ట్ డన్’ అని వచ్చేస్తుంది. నిజానికి డేటాబేస్ పర్మిషన్ ఇంకా రాలేదు. గురువారం మధ్యాహ్నం సంగతి బయటపడితే, పని అవ్వలేదని కాదు, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అదే సోమవారం నాడే ‘అయామ్ రన్నింగ్ ఎ డే బిహైండ్, బ్లాక్డ్ ఆన్ డేటాబేస్ యాక్సెస్, ఫ్రైడే ఈజ్ రియలిస్టిక్’ అని ఉంటే, లీడ్ అవతలి టీముకి ఒక మెసేజ్ పెట్టి తేదీ మార్చేవారు. పెద్దవాళ్ల ముందు ‘అవ్వలేదు’ అనకూడదని, ‘అయిపోతుందండీ’ అనడమే మర్యాదని పెరిగాం. ఆ అలవాటు ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. ఎంత వెనక ఉన్నాం, ఎందుకు, ఎప్పటికి అవుతుంది అని మూడూ ఒకేసారి చెప్పడం మొదటి వారం నుంచే అలవాటు చేసుకోండి.

బరువైన మాట ‘పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్’. పిప్ అంటారు. పేరులో ఇంప్రూవ్‌మెంట్ ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఉద్యోగం ప్రమాదంలో ఉందని రాతపూర్వకంగా చెప్పడం అది. హెచ్1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే వ్యవధి. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే ముగిస్తే అప్పటి వరకే. పిప్ చేతికొచ్చిన రోజే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడటం మంచిది.

ఇంటికొచ్చే బిల్లుల్లో ‘డ్యూ’ అంటే కట్టాల్సింది, అంతే. ‘పాస్ట్ డ్యూ’ అంటే తేదీ దాటిపోయింది. ‘డెలింక్వెంట్’ అని కనిపిస్తే ఖాతాని బాకీ పడ్డవాళ్ల లెక్కలో వేశారన్నమాట. క్రెడిట్ కార్డు కట్టడం 30 రోజులు ఆలస్యమైతే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలకు కబురు వెళ్లొచ్చు. ఒకసారి వెళ్లిందంటే ఆ మచ్చ 7 ఏళ్ల వరకు క్రెడిట్ రిపోర్టులో ఉంటుంది. దాదాపు 180 రోజులు కట్టకపోతే ‘చార్జ్ ఆఫ్’ అంటారు. మాఫీ అయిందని సంబరపడేవాళ్లు ఉన్నారు. బ్యాంకు తన పుస్తకాల్లో నష్టంగా రాసుకుంది, మీ బాకీ మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ‘గ్రేస్ పీరియడ్’ దగ్గర. ఇంటి అద్దెకైతే, లీజులోనో మీ రాష్ట్ర చట్టంలోనో ఉంటే, గడువు దాటాక ఫైన్ లేకుండా ఇచ్చే కొన్ని రోజులు. క్రెడిట్ కార్డుకి అలా కాదు. స్టేట్‌మెంట్ ముగిసిన రోజు నుంచి డ్యూ డేట్ దాకా, పూర్తిగా కట్టేవాళ్లకి వడ్డీ పడని కాలం అది. డ్యూ డేట్ దాటాక ఇంకో వారం ఉందిలే అనుకుంటే లేట్ ఫీ పడుతుంది. మొదటిసారి మర్చిపోతే వెంటనే కట్టేసి, కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి ఫీ తీసేయమని అడగండి. చాలాసార్లు తీసేస్తారు.

బ్రిటన్ వెళ్తున్నవారికి ఒక మాట. మన ప్రభుత్వోద్యోగుల ఇళ్లల్లో అరియర్స్ అంటే డీఏ బకాయిలు, రావాల్సిన డబ్బు. అక్కడ ‘రెంట్ అరియర్స్’ అని ఉత్తరం వస్తే అద్దె మీరే బాకీ ఉన్నారని. అలాగే మీటింగులో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామంటే అమెరికాలో వాయిదా వేద్దామని, బ్రిటన్‌లో ఇప్పుడే చర్చిద్దామని.

విద్యార్థులకు ‘ఎక్స్‌టెన్షన్’ అడగడం ఇక్కడ సిగ్గుపడే సంగతి కాదు, గడువుకి ముందు ఈమెయిల్‌లో అడిగితే ప్రొఫెసర్లు తరచూ ఒప్పుకుంటారు. ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడ్ అంటే ఫెయిల్ కాదు, ఇచ్చిన తేదీలోగా పూర్తిచేయాలి, లేకపోతే చాలా చోట్ల ఎఫ్‌గా మారుతుంది. ‘అకడమిక్ ప్రొబేషన్’ మాత్రం బరువైనదే, ఎంఎస్ వాళ్లకి సాధారణంగా జీపీఏ 3.0 కన్నా తగ్గితే పెడతారు. వెనకబడ్డామని కోర్సు డ్రాప్ చేసేముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గితే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్‌కే ముప్పు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే చదువు పత్రం) పొడిగింపు కూడా అందులోని చివరి తేదీకి ముందే అవ్వాలి.

గ్రీన్‌కార్డు దారిలో వినపడేది ‘రెట్రోగ్రెషన్’. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటం వల్ల, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో మనవాళ్ల తేదీలు ఒక్కోసారి వెనక్కి జరుగుతాయి. ఆ మాట వినగానే ఫైలు తిరస్కరించారని ఇంట్లో ఏడ్చేవాళ్లు ఉంటారు. అప్పటికే వేసిన దరఖాస్తు పోదు, తేదీ మళ్లీ వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

చిన్నపిల్లలున్న ఇళ్లల్లో మాత్రం ఒక మాటని దాచిపెట్టొద్దని బతిమాలి చెబుతున్నాను. డాక్టరు ‘స్పీచ్ డిలే’ (వయసుకి తగ్గట్టు మాటలు రాకపోవడం) అనగానే, వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని ఊరుకుంటాం, లేదా తెలుగు మాట్లాడటం మానేస్తాం. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఇంట్లో తెలుగు మానక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలో ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ అనే సహాయ కార్యక్రమం ఉంది, పరీక్ష ఉచితం, డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయొచ్చు. మూడేళ్లు నిండితే మీ ప్రాంతపు పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడగాలి. పిల్లాడు ఇంకా స్కూల్లో చేరకపోయినా పరవాలేదు.