దర్శనం టికెట్ల రోజు రాకముందే కంప్యూటర్ సంగతి చూసుకోండి

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు జీతం లేని ఉద్యోగం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చుట్టాలందరికీ దర్శనం టికెట్లు బుక్ చేసిపెట్టడం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ నెలనెలా, దాదాపు మూడు నెలల ముందుగా ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఎండాకాలం సెలవుల కోటా వస్తుందంటే చాలు, ఫోన్లు మొదలు. కడప నుంచి మా చిన్నమ్మ, "నాయనా, మాకు ఆరు టికెట్లు చూడబ్బా, ఆధార్‌లు వాట్సాప్‌లో పెట్టినా" అంటుంది.

ఆ ఆధార్ నంబర్లన్నీ ఒక ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కిస్తాం. ఆ ఫైలు డెస్క్‌టాప్ మీదే పడి ఉంటుంది. బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటుంది. టికెట్లు ఎక్కడ అయిపోతాయో అన్న టెన్షన్‌లో ఎవరు ఏ లింకు పంపినా నొక్కేస్తాం. దొంగ సాఫ్ట్‌వేర్‌కు ఇంతకన్నా మంచి ముహూర్తం ఇంకేం కావాలి? అందుకే ఆ రోజుకు కనీసం మూడు నాలుగు రోజుల ముందే కంప్యూటర్‌ను ఒకసారి పూర్తిగా పరీక్ష చేసుకోండి. ముందురోజు రాత్రి మొదలుపెడితే అయ్యే పని కాదు.

పోయినేడాది మా ఇంట్లో ఏమైందో చెప్తాను. మా తమ్ముడి కొడుకు వచ్చి, "పెదనాన్నా, దీంతో పేర్లు, ఆధార్‌లు అన్నీ ఒక్క క్లిక్‌లో నిండిపోతాయి" అని బ్రౌజర్‌లో ఏదో ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, వేశాడు. టికెట్లు మాత్రం దొరకలేదు. రెండు రోజుల తర్వాత బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ వస్తోంది. కుడివైపు కింద మూలలో 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని డబ్బా పదేపదే లేస్తోంది. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్‌తో క్విక్ స్కాన్ చేశాను. ముప్పేమీ లేదంది. ఫుల్ స్కాన్ చేశాను. అదీ అదే మాట. వారం రోజులు నమ్మాను కూడా.

అసలు సంగతి తర్వాత బయటపడింది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో 'మేనేజ్ సెట్టింగ్స్' నొక్కి, అట్టడుగుకు దిగితే 'ఎక్స్‌క్లూజన్స్' అని ఉంటుంది. స్కాన్‌లో వేటిని ముట్టుకోకూడదో చెప్పే జాబితా అది. మామూలుగా ఖాళీగా ఉండాలి. మా దాంట్లో రెండు వరుసలు ఉన్నాయి. మొదటిది ఏదో యాక్టివేటర్ ఫైలు. రెండోది సీ డ్రైవ్, మొత్తం! ఇంటికి కాపలా మనిషిని పెట్టి, ఇంట్లోకి మాత్రం తొంగి చూడొద్దని చెప్పినట్టు. కంప్యూటర్ కొన్నప్పుడు షాపులో దొంగ విండోస్ వేసి, దాన్ని నడిపించే యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టుకోకుండా ఈ పని చేసినట్టున్నారు. నేనూ తక్కువ డబ్బుకు అయిపోతోందని అప్పుడు అడగలేదు లెండి.

కాబట్టి స్కాన్ కన్నా ముందు ఆ జాబితా చూడండి. మీరు స్వయంగా పెట్టనిది ఏది కనిపించినా తీసేయండి. అక్కడే రియల్ టైమ్ ప్రొటెక్షన్ (ఎప్పటికప్పుడు కాపలా కాసేది), ట్యాంపర్ ప్రొటెక్షన్ (ఈ సెట్టింగ్స్‌ను వేరే ప్రోగ్రాం మార్చకుండా ఆపేది) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరిపోయి, డబ్బు కట్టమని సతాయిస్తూ ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డిఫెండర్ మళ్లీ కాపలాకు వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి కాపలా కాస్తే రెట్టింపు భద్రత అనుకోవద్దు, ఒకదానికొకటి అడ్డం పడతాయి.

స్కాన్ చేసే వరస

ముందు ప్రొటెక్షన్ అప్‌డేట్స్ తెచ్చుకోండి. తర్వాత వైఫై తీసేయండి, లోపల ఏదైనా ఉంటే బయటికి కబురు పంపకుండా. తీసిన వెంటనే ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి. పాత హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది. ఛార్జర్ పెట్టి, స్లీప్‌ను 'నెవర్' చేయకపోతే మీకన్నా ముందే అది నిద్రపోతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచే.

పొద్దున లేచాక ఆఫ్‌లైన్ స్కాన్. స్కాన్ ఆప్షన్స్‌లో ఇది చివర్లో ఉంటుంది, చాలామంది చూపు అక్కడిదాకా వెళ్లదు. నా లెక్కన అన్నిటికన్నా విలువైనది ఇదే. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి అప్పుడు దొరుకుతాయి. 15 నిమిషాలు పట్టొచ్చు. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. అయిపోయాక 'సురక్షితం' అని చెప్పి ముగించదు, తిరిగి మామూలుగా తెరుచుకుంటుంది అంతే. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో చూడాలి.

ఇంకా అనుమానం తీరకపోతే రెండో వైద్యుడికి చూపించినట్టు వేరేదాంతో ఒకసారి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితం. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు గడువు తీరుతుంది, మళ్లీ కొత్తది దించుకోవాలి. మాల్వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ కూడా సరిపోతుంది. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి ఉచిత పరికరాలు ఇస్తోంది. ఏదైనా సరే, దాని అసలు సైట్ నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నుంచి వద్దు. వైరస్ తీసే సాఫ్ట్‌వేర్ పేరుతో వైరస్‌నే అంటగట్టేవాళ్లు బోలెడు.

బ్రౌజర్‌ను విడిగా చూడాలి. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి, ఒక్కొక్కదాని కింద ఏం అనుమతి తీసుకుందో చదవండి. మావాడు వేసినదానికి 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని ఉంది. అంటే బ్యాంకు పేజీ కూడా. ఆ మూలలో లేచే డబ్బా చాలాసార్లు వైరస్సే కాదు, ఎప్పుడో ఏదో సైట్‌కు 'అలౌ' నొక్కి మనమే ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. సెట్టింగ్స్‌లో తీసేస్తే ఆగిపోతుంది. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ అడుగున 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా అది రావచ్చు గానీ, ఎక్కువగా అనుమానించాల్సింది బ్రౌజర్‌ను కబ్జా చేసినవాటినే.

తీసేస్తే అయిపోయినట్టు కాదు

అందరూ ఇక్కడే ఆపేస్తారు. నేనూ ఆపేశాను. దొంగను బయటికి తోశాం సరే, వాడు పట్టుకుపోయిన తాళంచెవుల మాటేమిటి? ఇప్పుడు తిరుగుతున్న వాటిలో చాలా రకాలు కంప్యూటర్‌ను పాడుచేయవు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ అడగకుండా సైట్ బ్రౌజర్‌లో ఉంచే గుర్తులు) నిమిషాల్లో ఎత్తుకుని పంపేస్తాయి. లాగిన్ కుకీ చేతికి వస్తే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండానే మీ జీమెయిల్ తెరవొచ్చు. కాబట్టి అనుమానం ఉన్న కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లోనో మరో శుభ్రమైన దాంట్లోనో పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతావన్నీ దాని ద్వారానే రీసెట్ అవుతాయి. తర్వాత బ్యాంకు. మార్చాక 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా నొక్కాలి, లేకపోతే పాత కుకీ పనిచేస్తూనే ఉండొచ్చు. జీమెయిల్‌లో మీ మెయిళ్లు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇవన్నీ పక్కనబెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

ఈ మధ్య కొత్త మోసం ఒకటి. 'నేను రోబోను కాదు' అని టిక్ పెట్టమంటారు. పెట్టాక, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమంటారు. తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్. చూడ్డానికి పరీక్షలా ఉంటుంది. ఆ పేజీ మనకు తెలియకుండా కాపీ చేసి ఉంచిన కమాండ్‌ను మన చేత్తోనే నడిపిస్తుందన్నమాట. ఏ నిజమైన సైటూ ఈ పని అడగదు. అలాగే తెరంతా నిండిపోయి, సైరన్ మోగుతూ ఫోన్ నంబర్ చూపించే హెచ్చరిక వస్తే ఆ నంబర్‌కు చేయొద్దు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేస్తే చాలు.

టికెట్ ప్రింటు కోసం జిరాక్స్ షాపుకు వెళ్తారు కదా. ప్రింటుకు వేరే పెన్ డ్రైవ్ పెట్టుకోండి, అందులో ఇంకేమీ ఉంచొద్దు. ఇంటికి తెచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే వాటిమీద డబుల్ క్లిక్ చేయకండి, ఫార్మాటూ కొట్టకండి. ఫైళ్లు చాలావరకు లోపలే దాగి ఉంటాయి. డ్రైవ్‌ను ముందు స్కాన్ చేసి, ఆ తర్వాత దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆన్ చేసుకోండి.

అప్‌డేట్ల గురించి ఒక్క మాట. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది. ఇక విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు.

రెండుసార్లు తీసినా అదే మళ్లీ వస్తుంటే పోట్లాడొద్దు. ఫొటోలు, పత్రాలు మాత్రం బయటి డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్ కొత్తగా వేసేయండి. నేను చివరికి అదే చేశాను, ఈసారి డబ్బు పెట్టి అసలుదే కొన్నాను.

ఇప్పుడు టికెట్ల కోసం బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకున్నాను, అందులో ఒక్క ఎక్స్‌టెన్షనూ లేదు. టీటీడీ సైట్ అడ్రస్‌ను చేత్తో టైప్ చేసి, చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉందో లేదో చూసుకున్నాకే లాగిన్ అవుతాను. ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో లేవు, పాత డైరీలో రాసుకున్నాను. చిన్నమ్మకు మొన్న మూడు టికెట్లే దొరికాయి. మిగతా మూడింటి కోసం ఇంకా అలిగే ఉంది.