మహా కోచ్ వదిలివెళ్ళిన జట్టును తొలిసారి చేపట్టేవారు ఏం చేయాలి

1974 ఆగస్టు 10న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో లివర్‌పూల్, లీడ్స్ ఫుట్‌బాల్ జట్లు చారిటీ షీల్డ్ (సీజన్ మొదట్లో జరిగే ఒకే ఒక్క కప్పు మ్యాచ్) కోసం తలపడినప్పుడు, రెండు జట్లకూ కొత్త మేనేజర్లే ఉన్నారు. (ఇంగ్లండ్‌లో హెడ్ కోచ్ పని చేసేవారిని మేనేజర్ అనే పిలుస్తారు.) ఇద్దరూ మహామహుల స్థానంలోకి వచ్చినవారే. డాన్ రెవీ ఇంగ్లండ్ జాతీయ జట్టుకు వెళ్ళిపోవడంతో లీడ్స్‌కు బ్రయాన్ క్లఫ్ వచ్చాడు. అంతకు రెండేళ్ళ ముందే డెర్బీ జట్టును లీగ్ విజేతగా నిలిపిన అనుభవం అతనిది. లివర్‌పూల్‌లో బిల్ షాంక్లీ స్థానంలోకి వచ్చిన బాబ్ పేస్లీకి 55 ఏళ్ళు వచ్చినా అప్పటిదాకా ఏ జట్టుకూ మేనేజర్‌గా పనిచేసిన అనుభవం లేదు. అయినా క్లఫ్ 44 రోజులకే లీడ్స్ నుంచి వెళ్ళిపోవలసివచ్చింది, పేస్లీ తొమ్మిది సీజన్లు ఉండి ఆరు లీగ్ టైటిళ్ళు, యూరప్ క్లబ్బుల మధ్య అతిపెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్పును మూడుసార్లు గెలిపించాడు.

అందువల్ల అనుభవం లేదన్న భయంతోనే వెనక్కి తగ్గవలసిన పని లేదు. అయితే మీ ముందున్న వ్యక్తి నిలబెట్టిన పనిలో ఏది ఆ జట్టును నడిపిస్తోందో, ఏది ఆయనతోనే వెళ్ళిపోయిందో వేరుచేసి చూడగలగాలి. ఈ పదవిలో మీ మొదటి సంవత్సరం చాలావరకు ఆ పనికే సరిపోతుంది.

ఒప్పుకునే ముందు అధికారం సంగతి తేల్చుకోండి

1945 నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపి, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో చిన్నాభిన్నమైన జట్టును మళ్ళీ కట్టి, 1968లో యూరోపియన్ కప్పు గెలిపించిన మాట్ బజ్బీ, 1969లో జట్టు బాధ్యత నుంచి తప్పుకున్నాడు. ఆయన స్థానంలో క్లబ్బు ఎంచుకున్న విల్ఫ్ మెగిన్నిస్‌కు అప్పుడు 31 ఏళ్ళు. కాలు విరగడంతో చిన్నవయసులోనే ఆటకు దూరమై, ఆ క్లబ్బులోనే యువ ఆటగాళ్ళకు శిక్షణ ఇస్తూ వచ్చినవాడు. అతనికి మొదట మేనేజర్ హోదా ఇవ్వకుండా చీఫ్ కోచ్ అన్న పేరు మాత్రమే ఇచ్చారు. బజ్బీ జనరల్ మేనేజర్‌గా అదే క్లబ్బులో కొనసాగాడు.

ఈ ఏర్పాటులో ఆటగాళ్ళు ఎవరి మాట వింటారో ఊహించడం కష్టం కాదు. జట్టులో పెద్ద పేరున్న బాబీ చార్ల్‌టన్, మెగిన్నిస్ ఒకే ఏడాది, ఒకే నెలలో పుట్టి, కుర్రాళ్ళుగా ఒకే జట్టులో ఆడినవారు. సీజన్ మొదలైన కొద్ది రోజులకే మెగిన్నిస్ చార్ల్‌టన్‌ను, మరో తార డెనిస్ లాను జట్టు నుంచి తప్పించాడు. ఆటపరంగా ఆ నిర్ణయం తప్పని నేను అనను, కానీ దాన్ని నిలబెట్టగల హోదా అతని చేతిలో లేదు. ఆ సీజన్‌లో జట్టు ఎనిమిదో స్థానంలో నిలిచింది, రెండు సీజన్లలో కలిపి మూడు కప్పుల సెమీఫైనళ్ళలో ఓడింది. 1970 డిసెంబరులో మెగిన్నిస్‌ను తప్పించి, బజ్బీనే మళ్ళీ పిలిచారు.

కాబట్టి సంతకం పెట్టే ముందే బోర్డును నేరుగా అడగండి. జట్టును ఎంపిక చేసేది ఎవరు, ఆటగాళ్ళ కొనుగోలు, అమ్మకాల్లో చివరి మాట ఎవరిది, జీతం గురించి అలిగిన ఆటగాడు ఏ గది తలుపు తడతాడు, పాత కోచ్‌కు క్లబ్బులో ఇంకా గది ఉంటుందా అన్న ప్రశ్నలకు జవాబులు కాగితం మీద ఉండాలి. పెద్దాయన గురించి ఇలా అడగడం అమర్యాద అవుతుందేమోనన్న మొహమాటం మనలో చాలామందికి ఉంటుంది. కానీ ఆ మొహమాటం వల్ల తర్వాత నష్టపోయేది మీతో పాటు ఆ పెద్దాయన కూడా.

పెద్దాయనకు గౌరవం చూపే చోటు మీరే నిర్ణయించండి

వెంబ్లీలో ఆ రోజు లివర్‌పూల్ ఆటగాళ్ళను మైదానంలోకి నడిపించుకుని వచ్చింది పేస్లీ కాదు, అప్పటికే రాజీనామా చేసిన షాంక్లీ. క్లఫ్ పక్కన ముందు వరుసలో ఆయన నడుస్తుంటే అభిమానులు కళ్ళారా చూసుకున్నారు. కొత్త మేనేజర్ తన తొలి పెద్ద మ్యాచ్‌లో ఆ స్థానాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు, అలా వదులుకున్నందువల్ల పేస్లీ కోల్పోయిందీ ఏమీ లేదు.

కష్టం ప్రాక్టీసు మైదానంలో ఎదురైంది. రాజీనామా తర్వాత కూడా షాంక్లీ ఉదయాన్నే మెల్‌వుడ్ అనే ఆ ప్రాక్టీసు మైదానానికి వస్తుండేవాడు. ఆటగాళ్ళు అలవాటు కొద్దీ ఆయన్ను ‘బాస్’ అని పలకరించేవారు, పేస్లీ మాత్రం వారికి ఇంకా ‘బాబ్’గానే ఉండేవాడు. చివరికి షాంక్లీ రాకపోకలు తగ్గించుకోవలసివచ్చింది, ఆ గాయం ఆయన మనసులో చివరిదాకా ఉండిపోయింది. పదిహేనేళ్ళు క్లబ్బుకు ప్రాణం పెట్టిన మనిషికి అలా జరగకూడదు. ఈ విషయంలో మౌనంగా ఊరుకోవడం కన్నా మొదటి వారంలోనే మీరు స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి, మ్యాచ్ రోజు ఆయన కుర్చీ ఎక్కడ ఉంటుందో, సలహా కోసం మీరు ఎప్పుడెప్పుడు వస్తారో చెప్పి, ప్రాక్టీసు వేళ మాత్రం ఆటగాళ్ళను మీకు వదిలిపెట్టమని చేతులు జోడించి అడగడం మేలు.

మొదటి నెలల్లో మనుషులనూ అలవాట్లనూ కదిలించకండి

లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో బూట్లు భద్రపరిచే చిన్న గది ఒకటి ఉండేది. అందులో బీరు పెట్టెలనే పీటలుగా వేసుకుని పేస్లీ, తోటి శిక్షకులు జో ఫేగన్, రూబెన్ బెనెట్, రోనీ మొరాన్ కూర్చుని ఆట గురించి మాట్లాడుకునేవారు. ఏ రోజు ఏ కసరత్తు చేయించారు, ఎవరికి ఏ గాయమైంది, వాతావరణం ఎలా ఉంది అన్నవన్నీ లెడ్జర్ పుస్తకాల్లో రాసిపెట్టేవారు. అందువల్ల ఒక ఆటగాడు ఫిబ్రవరిలో నీరసపడితే, గత ఏడాది ఇదే నెలలో అతనికి ఏమైందో పుటలు తిప్పి చూసుకోగలిగేవారు. షాంక్లీ వెళ్ళిపోయాక కూడా ఆ గది అలాగే ఉంది, ఆ మనుషులూ అలాగే ఉన్నారు.

దీనికి భిన్నంగా 2013లో అలెక్స్ ఫెర్గుసన్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన డేవిడ్ మోయెస్, ఎంతో అనుభవం ఉన్నవాడే అయినా, పాత సహాయ కోచ్‌లను పంపించి తన పాత క్లబ్బు నుంచి తనవారిని తెచ్చుకున్నాడు. ఆరేళ్ళ ఒప్పందం పది నెలలకే ముగిసింది. అందుకు ఇదొక్కటే కారణం కాకపోయినా, ఆ జట్టు నాడి తెలిసినవారు పక్కన లేకపోవడం పెద్ద లోటేనని నా నమ్మకం. ఇక క్లఫ్ అయితే, లీడ్స్ ఆటగాళ్ళు గెలుచుకున్న పతకాలను చెత్తబుట్టలో పడేయమన్నాడని ఆ ఆటగాళ్ళే తర్వాత చెప్పారు. ఆ పతకాల కోసం చెమటోడ్చినవారు అలాంటి మాట విన్నాక మనసు పెట్టి ఆడరు.

లెడ్జర్ సంగతి వచ్చినప్పుడల్లా నాకు మన హైదరాబాదు రహీం సాబ్ గుర్తుకొస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చి, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. తర్వాత వచ్చినవారు ఆయన్ను అడిగి తెలుసుకునే అవకాశమే లేకపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం తర్వాత మనకు మరో స్వర్ణం రాలేదు. మీకు ముందున్న కోచ్ బతికి ఉంటే, ఆయన పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి.

ఆయన గొంతును అరువు తెచ్చుకోకండి

షాంక్లీ నోరు తెరిస్తే స్టేడియం ఊగిపోయేది. పేస్లీ మాటలు తడబడేవి, ఆటగాళ్ళ పేర్లు కూడా మరిచిపోయేవాడు. ఈ పదవి తాను కోరుకున్నది కాదని మొదట్లోనే ఆటగాళ్ళతో చెప్పుకున్నాడు. అయితే చాలా ఏళ్ళు క్లబ్బులో ఫిజియోగా పనిచేసినందువల్ల, ఆటగాడు పరుగెత్తే తీరు చూసి ఏ కండరం ఇబ్బంది పెడుతోందో చెప్పగలిగేవాడు. మీరూ సహాయకుడిగా ఉన్న రోజుల్లో ఏ పని మీ కంటికి బాగా అలవాటైందో చూసుకుని, డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ విషయమే ముందుగా మాట్లాడండి. ఉపన్యాసం రానివారు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

మొదటి మార్పు చిన్నదిగా, మీకు బాగా తెలిసినచోట చేయండి

షాంక్లీ కొన్న చివరి ఆటగాడు రే కెనెడీ ఫార్వర్డ్‌గా వచ్చాడు. అక్కడ అతను కుదురుకోకపోవడం గమనించిన పేస్లీ, అతన్ని వదులుకోకుండా ఎడమవైపు మిడ్‌ఫీల్డ్‌కు మార్చాడు. అక్కడినుంచి కెనెడీ ఇంగ్లండ్ జట్టుదాకా వెళ్ళాడు. పేస్లీ మొదటి కొనుగోలు కూడా పేరున్న ఆటగాడు కాదు, నార్తాంప్టన్ అనే చిన్న క్లబ్బు నుంచి వచ్చిన ఫిల్ నీల్ అనే డిఫెండర్. అతను లివర్‌పూల్ తరఫున నాలుగు యూరోపియన్ కప్పులు గెలిచాడు.

కప్పు రాని మొదటి సీజన్‌కు బోర్డును ముందే సిద్ధం చేయండి

1974-75లో ఆ చారిటీ షీల్డ్ తప్ప పేస్లీ ఒక్క పెద్ద కప్పు కూడా గెలవలేదు. లీగ్‌లో లివర్‌పూల్ రెండో స్థానంలో నిలిచింది. ఆ రోజుల్లో ఆ క్లబ్బు అభిమానులకు అది ఓటమి కిందే లెక్క, కానీ యాజమాన్యం తొందరపడలేదు. మరుసటి ఏడాది లీగ్, యుఎఫా కప్పు (యూరప్ క్లబ్బులకు మరో పోటీ) రెండూ వచ్చాయి. మీ మొదటి సమావేశంలోనే ఈ ఏడాది దేనిని కొలవాలో డైరెక్టర్లతో మాట్లాడి ఒప్పించుకోండి. గెలుపు సంఖ్యలతో పాటు గాయాలు, కుర్రాళ్ళకు దొరికిన మ్యాచ్‌లు, మార్చిన ఆటగాళ్ళ స్థానాలు కూడా అందులో ఉండాలి.

మొదటి రోజు నుంచే మీ లెడ్జర్‌ను మీ సహాయకుడితో కలిసి రాయండి. 1983లో పేస్లీ దిగిపోయినప్పుడు, ఆ బూట్ల గదిలో ఆయన పక్కన కూర్చున్న జో ఫేగన్, అంతకు ముందు ఏ పెద్ద క్లబ్బుకూ మేనేజర్‌గా చేయనివాడే, తొలి సీజన్‌లోనే లీగ్‌నూ, లీగ్ కప్పునూ, యూరోపియన్ కప్పునూ ఇంటికి తెచ్చాడు.