కాలియాకి పొద్దున మాంసం, రాత్రి డ్రై ఫుడ్

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో కార్తీకం రెండుసార్లు ముగుస్తుంది. ఒడియా వాళ్ళకి పౌర్ణమితో సరి. మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్ళీ మాంసం తినే రోజు, చికెన్ కొట్ల దగ్గర తిరునాళ్ళే. తెలుగిళ్ళలో మాత్రం అమావాస్య దాకా సాగుతుంది. మా అమ్మ ఆ నెలంతా ఫ్రిజ్‌లో గుడ్డు కూడా పెట్టనివ్వదు, ఇక కుక్క కోసం కోడి మెడలు పెట్టనిస్తుందా? మా కాలియాకి రెండు రకాల తిండీ అలవాటు చేయడానికి అదొక కారణం.

అసలు కారణం తిత్లీ తుపాను. 2018 అక్టోబరు నాటికి వాడికి పూర్తిగా పచ్చి మాంసమే పెడుతున్నాను. కరెంటు రోజుల తరబడి రాలేదు, డీప్ ఫ్రీజర్‌లో దాచిందంతా కుళ్ళింది. దొరికిన డ్రై ఫుడ్ (కుక్కల కోసం ప్యాకెట్లలో అమ్మే ఎండు గుళికలు) ఒక్కసారిగా గిన్నె నిండా పోసేసరికి వాడికి మూడు రోజులు విరేచనాలు. అప్పటి నుంచి పొద్దున మాంసం, రాత్రి డ్రై ఫుడ్.

కాలియా నాటు కుక్క, బరువు 18 కిలోలు. ఎదిగిన కుక్కకి పచ్చి మాంసమే పెడితే రోజుకి దాని బరువులో 2 నుంచి 3 శాతం సరిపోతుంది. వాడికి రెండున్నర శాతం లెక్కన 450 గ్రాములు. నేను అందులో సగం, అంటే 225 గ్రాములు పెడతాను. మిగతా సగానికి మళ్ళీ 225 గ్రాముల డ్రై ఫుడ్ పోస్తే పొరపాటే. మాంసంలో మూడింట రెండొంతులు నీరే, డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు కూడా ఉండదు. అందుకే రాత్రికి 130 గ్రాములు చాలు. కార్తీకంలో రెండు పూటలా కలిపి 260. వంటింటి త్రాసు లేకుండా ఈ పనికి దిగొద్దు. "కుక్కకి కూడా తూచి పెడతావేటే?" అని అమ్మ నవ్వుతుంది కానీ, నెలకోసారి కాలియా బరువు అడిగేదీ ఆవిడే.

ఏది ఎంత అంటే: మెత్తని మాంసం 80 శాతం, ఎముక 10, కార్జం 5, కిడ్నీ, తిల్లి (ప్లీహం) లాంటివి 5. రోజూ ఈ లెక్క కుదరదు, వారానికి సరిపోతే చాలు. వారానికి కిలోన్నర కొంటాను. అందులో కోడి మెడలు నాలుగు వందల గ్రాములు దాటవు, ఎందుకంటే మెడ బరువులో మూడో వంతు ఎముకే. కార్జం 80 గ్రాములు, కిడ్నీ గానీ తిల్లి గానీ మరో 80. మిగతాది తోలు తీసిన మాంసం, గుండెకాయలు, కందనకాయలు. కందనకాయని చాలామంది కార్జంతో జమ కడతారు, కానీ అది కండే. కొట్టు కుర్రాడు "అప్పా, మెడలు తీసుంచాను" అని కేకేస్తాడు. వాడు తెలుగువాడో ఒడియావాడో ఇన్నేళ్ళైనా తేల్చుకోలేకపోయాను. అక్కని పిలవడానికి రెండు భాషల్లోనూ ఇంచుమించు అదే మాట మరి.

లెక్క తప్పితే విరేచనమే చెబుతుంది. తెల్లగా, గట్టిగా, సుద్దలా పొడి రాలుతుంటే ఎముక ఎక్కువైంది. నల్లగా జారుగా ఉంటే కార్జం ఎక్కువైంది. మెడలు చవగ్గా వస్తున్నాయని ఒక వారం అవే పెట్టాను. పాపం కాలియా పెరట్లో అరగంట ముక్కి వెనక్కి వచ్చేశాడు.

ఎముక పచ్చిదైతేనే పెట్టాలి. ఉడికిన ఎముక చీలి సూదుల్లా అవుతుంది, పేగులో గుచ్చుకోవచ్చు. భోజనాల్లో మిగిలిన కూర ఎముకలు అసలే వద్దు, పైగా ఆ కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్కలకి విషం. గబగబా మింగేసే కుక్క అయితే పచ్చి ఎముకైనా గొంతులో అడ్డం పడొచ్చు, కాబట్టి తిన్నంతసేపూ పక్కనే ఉండండి.

మేక కార్జం, ఊపిరితిత్తులు మాత్రం నేను పచ్చిగా పెట్టను. వాటిలో ఒక్కోసారి నీటి బుడగల్లాంటి తిత్తులుంటాయి. అది బద్దెపురుగు పిల్లదశ. కుక్క తింటే దాని పేగులో పురుగు పెరుగుతుంది, గుడ్లు విరేచనంలో బయటికొస్తాయి. అవి మన నోట్లోకి పోతే మన కాలేయంలో తిత్తులు కడతాయి. మేక కిడ్నీ, తిల్లి కూడా అరగంట ఉడికించే వేస్తాను. బద్దెపురుగుకి పనిచేసే మందు ప్రాజిక్వాంటెల్, ఎంత, ఎన్నాళ్ళకోసారి అన్నది మీ పశువుల డాక్టరునే అడగండి. పంది మాంసం పచ్చిగా వద్దే వద్దు. చేపలైతే వారానికి రెండు కవళ్ళు (సార్డీన్లు) ఉడికించి, ముల్లు తీసి వేస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పది రోజులు తీసుకోండి. మొదటి రెండు రోజులు ఎముక లేని కోడి మాంసం పాతిక గ్రాములు, ఆ మేరకు డ్రై ఫుడ్ తగ్గించి. కడుపు బాగుంటేనే పెంచండి. ఎముక, కార్జం చివర్లో. కూనలకి మాత్రం ఇలా అంచనాగా పెట్టకండి, కాల్షియం హెచ్చుతగ్గులైతే ఎముకలు వంకర పోతాయి.

డాక్టర్లు చాలామంది పచ్చి మాంసం వద్దనే అంటారు. అమెరికా పశువైద్య సంఘం 2012లోనే ఆ మాట అంది. సాల్మొనెల్లా లాంటి క్రిములు కుక్కని ఏమీ చేయకపోయినా ఇంట్లో వాళ్ళకి అంటుకోవచ్చు, ఫ్రీజర్‌లో అవి చావవు. పసిపిల్లలు, గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో మాంసం ఉడికించి, ఎముక తీసి పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నేనూ అదే చేశాను.

మాంసం రోజువారీ పొట్లాలు కట్టి, రాత్రి ఒకటి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దింపుతాను. మా ఎండలకి బయట పెట్టి కరిగిస్తే అంతే సంగతులు. పొద్దున ఏడింటికి పెరటి గచ్చు మీద పెడతాను, అరగంటలో తినకపోతే పారేస్తాను. గిన్నె, గచ్చు, చేతులు సబ్బుతో కడుగుతాను. కాలియా మూతి కూడా తడిగుడ్డతో తుడుస్తాను, ఎందుకంటే వాడు తిన్నాక తిన్నగా వెళ్ళేది అమ్మ ఒళ్ళోకే.

కార్తీకం దగ్గర పడితే వారం ముందు నుంచే మాంసం తగ్గించుకుంటూ వస్తాను. ఛాడఖాయి నాడు కొట్టు కుర్రాడికి తల ఎత్తే తీరిక ఉండదు. మాకింకా పదిహేను రోజులుంది, మెడలు దాచొద్దని ముందే చెప్పి రావాలి.