హెబ్రీ కవిత్వంలో మెస్సీయ ప్రవచనాలు చదవడం ఎలా – 4వ భాగం: గాడిద ఒకటా, రెండా?

పోయినసారి బైబిల్లోని 22వ కీర్తన మొత్తం ఒక్క బిగిన చదివి అందులో జంతువులు ఏ వరసలో వస్తున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను కదా. రాసుకున్నవాళ్ళకి ఈపాటికి విషయం దొరికే ఉంటుంది. ముందు 12వ వచనంలో ఎద్దులు, 13లో సింహం, 16లో కుక్కలు, తర్వాత 20, 21 వచనాల్లో కాపాడమని అడిగేటప్పుడు అదే వరస తిరగేసి కుక్క, సింహం, గురుపోతులు (అంటే అడవి ఎద్దులు). మనిషి చావుబతుకుల్లో అరుస్తున్నట్టే ఉంటుంది గానీ కవి చెయ్యి మాత్రం ఎక్కడా వణకలేదు, నాకైతే ఆ కీర్తనలో అన్నిటికంటే నచ్చేది అదే. ఇక 16వ వచనంలో "పొడిచియున్నారు" అనే మాట మీద ఉన్న ఒక్క అక్షరం గొడవ పెద్దది, దానికి వచ్చే భాగం మొత్తం పడుతుంది, ఇప్పుడు ముట్టుకోను.

ఇవాళ నేర్చుకునేది జంట పాదాల సంగతి. హెబ్రీ కవిత్వంలో మనకున్నట్టు యతిప్రాసల నియమాలేం ఉండవు, ఒక మాట చెప్పి, దాన్నే ఇంకో మాటతో మళ్ళీ చెప్పడమే అక్కడ నడక. ఇంగ్లీషు పండితుడు రాబర్ట్ లౌత్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన లెక్చర్లు 1753లో లాటిన్‌లో పుస్తకంగా వచ్చాక దీనికి పారలలిజం అనే పేరు స్థిరపడింది. రెండో పాదం ఊరికే మొదటిదాన్ని తిరగరాయడం కాదు, దాన్ని ఇంకొంచెం బిగిస్తుంది, ఇంకొంచెం దగ్గరికి తెస్తుంది అని 1981లో బైబిల్ పండితుడు జేమ్స్ కూగెల్ గట్టిగా వాదించాడు. నేను చదివినంతలో కూగెల్ మాటే సరైందనిపిస్తుంది.

మనకి ఇది కొత్తేం కాదు. "పిల్లా జెల్లా అంతా బాగున్నారా" అని ఎవరైనా అడిగితే జెల్ల ఎక్కడుందో అని ఇంట్లో వెతకం కదా. రెండు మాటలు, ఒకటే సంగతి. హెబ్రీలో రెండో మాట మన జెల్లలా ఉత్తి తోడుమాట కాదు, దానికీ బరువుంటుంది, కానీ చెవికి తగిలే తీరు మాత్రం అదే.

ఇప్పుడు జెకర్యా 9:9 తీయండి. నీ రాజు, అంటే యూదులు ఎదురుచూసే మెస్సీయ, వస్తున్నాడని యెరూషలేముకి చెప్పే వచనం ఇది, యేసు యెరూషలేములోకి వచ్చిన రోజుని తలుచుకునే మట్టల ఆదివారం నాడు చాలా చర్చిల్లో చదివేదే. మన పాత తెలుగు బైబిల్లో "గాడిదను గాడిద పిల్లను ఎక్కి" అని ఉంటుంది, ఆ "ను", "ను" వల్ల రెండు జంతువులున్నట్టే వినపడుతుంది. హెబ్రీలో మాటకి మాట చూస్తే "గాడిద మీద, ఇంకా ఆడగాడిదల బిడ్డైన పిల్లగాడిద మీద" అన్నట్టుంటుంది. మధ్యలో ఉన్నది "వె" అనే చిన్న ముక్క, దానికి "మరియు" అనీ అర్థం వస్తుంది, "అంటే" అనీ వస్తుంది. జంట పాదాల నడక తెలిస్తే ఇక్కడున్నది ఒకటే జంతువు, మొదట గాడిద అని చెప్పి తర్వాత ఎలాంటి గాడిదో చెప్పాడు, అంతే. పదో వచనం కూడా కలిపి చదవండి, ఎఫ్రాయిములో రథాలు ఉండవు, యెరూషలేములో గుర్రాలు ఉండవు అంటాడు, అంటే గాడిద అనగానే పేదరికం అనుకోకూడదు, యుద్ధపు గుర్రానికి ఎదురుగా పెట్టిన వాహనం అది. 1 రాజులు 1:33లో సొలొమోను పట్టాభిషేకానికి దావీదు కంచర గాడిద మీదే వెళ్ళాడు.

ఇది మొదటి మెట్టు, పద్యాన్ని పద్యంగా చదవడం. రెండో మెట్టు సువార్త దగ్గరికి వెళ్ళడం, చాలామంది మొదటిది ఎగ్గొట్టి నేరుగా ఇక్కడికే వస్తారు, అందుకే తడబడతారు. మార్కు 11, లూకా 19 చూస్తే ఒకటే పిల్లగాడిద. యోహాను 12 ఆ వచనాన్నే కుదించి ఒక్కదాన్నే చెప్పాడు. మత్తయి 21లో మాత్రం తల్లీ పిల్లా రెండూ వస్తాయి, శిష్యులు రెండిటి మీదా బట్టలు వేస్తారు, యేసు "వాటి మీద" కూర్చున్నాడని గ్రీకులో ఉంది. "వాటి" అంటే బట్టలా గాడిదలా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. పాపం మత్తయికి హెబ్రీ పద్యం నడక తెలియదు అని తేల్చేసేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. ఆ కాలపు యూదు పండితుల చదువే అలాంటిది, లేఖనంలో ఏ మాటా ఊరికే రాదు, రెండుసార్లు చెప్పాడంటే రెండిటికీ పనుంటుంది అనుకునేవాళ్ళు. పైగా మత్తయి యెషయా 62:11 నుంచి ఒక ముక్క తెచ్చి ముందు అతికించాడు, "నీతిపరుడు, రక్షణగలవాడు" అన్నది వదిలేసి దీనుడన్న మాట ఒక్కటే ఉంచాడు. ఏది తీసుకోవాలో ఏది వదలాలో ఇంత చూసుకున్న మనిషికి ఆ జంట పాదాలు కనపడలేదంటే నమ్మబుద్ధి కాదు.

అన్నట్టు ఈ వచనాన్ని మెస్సీయకి వర్తింపజేసింది క్రైస్తవులొక్కరే కాదు. యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూదులో, సన్హెద్రిన్ అనే భాగం 98అలో దానియేలు 7లో మేఘాల మీద వస్తాడన్నదానికీ ఇక్కడ గాడిద మీద వస్తాడన్నదానికీ పొత్తు కుదరక, ప్రజలు యోగ్యులైతే మేఘాల మీద, కాకపోతే గాడిద మీద అని సర్దుకున్నారు.

ఇప్పుడు ఇదే పని 22వ కీర్తన 18వ వచనం మీద చెయ్యండి. "నా వస్త్రములు వారు పంచుకొనుచున్నారు, నా అంగీకొరకు చీట్లు వేయుచున్నారు." పద్యంగా చూస్తే బట్టలూ అంగీ ఒకటే, పంచుకోవడమూ చీట్లు వేయడమూ ఒకటే పని, ఒక మనిషి ఇంకా బతికుండగానే వాడి ఒంటిమీద గుడ్డలు పంచేసుకుంటున్నారు, అదీ బాధ. మార్కు 15:24 కూడా అలాగే ఒక్క ముక్కలో చెప్పేశాడు. యోహాను 19 మాత్రం పాదాల్ని విడదీశాడు, వస్త్రాలు నలుగురు సైనికులకి నాలుగు భాగాలయ్యాయి, అంగీ మాత్రం కుట్టు లేకుండా పైనుంచి నేసింది కాబట్టి చింపకుండా దానికి చీట్లు వేశారు. వచనాన్ని బట్టి ఈ వివరం పుట్టిందని ఒక వర్గం అంటుంది, కళ్ళారా చూసింది గుర్తొచ్చి వచనంలో రెండు పాదాలు విడివిడిగా కనపడ్డాయని ఇంకో వర్గం అంటుంది. మీరు ఏ పక్క ఉన్నా సరే, నోట్‌బుక్‌లో మాత్రం పద్యం ఏం చెప్పిందో ఒక పక్క, యోహాను ఏం చూశాడో ఇంకో పక్క రాయండి, రెండూ కలిపి రాయొద్దు. నేను మొదట్లో కలిపేసి రాసుకుని, తర్వాత ఏది దావీదు కీర్తనలోదో ఏది సువార్తలోదో నాకే తెలియక ఆ పేజీలు చింపేసి మళ్ళీ రాసుకున్నాను.

ఈ వారం హోంవర్క్ 2వ కీర్తన మొదటి రెండు వచనాలు. అన్యజనులు, జనములు, రాజులు, ఏలికలు, ఈ నాలుగు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి, పద్యంలో ఎన్ని గుంపులున్నాయో ముందు మీరే తేల్చుకోండి. ఆ తర్వాతే అపొస్తలుల కార్యములు 4:27 తెరిచి, అక్కడున్న పేర్లు ఏ మాట పక్కన పడతాయో రాయండి. ముందే తెరిచారో, ఇక మొదటి పని జన్మలో చెయ్యలేరు.