కార్డు ఎవరి చేతిలో ఉంది: నియంత పాలనలో చితికిన దేశాన్ని స్టోరు డీలరు కళ్ళతో చదవడం

ఆదోనిలో 22 ఏళ్ళు రేషన్ దుకాణం నడిపాను. మావైపు దాన్ని స్టోరు అంటారు, అక్కడిచ్చే బియ్యాన్ని స్టోరు బియ్యం అంటారు. మా ఆయన పోయాక డీలర్‌షిప్ నా పేరుకు మారింది. కాటా, స్టాక్ రిజిస్టరు, సంచి తరుగు, మండల గోడౌన్ నుంచి సరుకు తెచ్చుకోవడం, ఇవే నా చదువు.

మా చిన్నమ్మాయి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశం మీద ప్రాజెక్టు రాసింది. రాత్రి అన్నాల దగ్గర చదివి వినిపించేది. జీడీపీ, ద్రవ్యోల్బణం అంటుంటే ఊరికే వింటూ ఉన్నాను. ఒకరోజు, "అమ్మా, అక్కడ క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు ఒకటి ఇచ్చారంట. 2018లో ఓటేసి బయటికొచ్చినవాళ్ళు పాలక పార్టీ టెంటు దగ్గర ఆగి ఆ కార్డు స్కాన్ చేయించుకుంటే బోనస్ రావచ్చని చెప్పారంట" అంది. కంచం పక్కకు పెట్టి, ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను. ఆ పెద్ద మాటల వెనక ఉన్నది నాకు బాగా తెలిసిన పనే అని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నాకోసం ఒక పద్ధతి పెట్టుకున్నాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, పేపర్లో ఇలాంటి దేశాల వార్తలు చూసి "ఎవరి మాట నమ్మాలి?" అని టెన్షన్ పడేవాళ్ళు ఈ పద్ధతి వాడుకోవచ్చు. ఒక రూళ్ళ నోట్‌బుక్ చాలు. ఒక్కో దేశానికి ఐదు పేజీలు వదలండి.

మొదటి పేజీలో కూలిని కిలోల్లోకి మార్చండి. డబ్బు అంకెలు పెట్టుకోవద్దు. మా మార్కెట్ యార్డులో హమాలీకి రోజుకు 600 వచ్చి, బియ్యం కిలో 50 ఉందనుకోండి, కూలి 12 కిలోలు. ఏ దేశమైనా ఇలాగే రాయండి: నెల జీతానికి ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గుడ్లు, ఎంత నూనె? వెనిజులాలో 2022 మార్చిలో కనీస వేతనం 130 బొలివర్లు చేశారు, బొలివర్ అంటే వాళ్ళ డబ్బు. అప్పటి లెక్కలో దాదాపు 30 డాలర్లు. తర్వాత దాన్ని పెంచకుండా వదిలేశారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ 130 విలువ 5 డాలర్ల లోపుకు పడిపోయింది. నెల జీతం అది.

మరి జనం ఎలా బతికారు? ఇక్కడ కాసేపు ఆగాలి. ప్రభుత్వం జీతం పెంచకుండా దాని పక్కన బోనస్‌లు ఇస్తూ పోయింది. అవి ఆ కార్డుతో ముడిపడిన వ్యవస్థ ద్వారానే వచ్చేవి. జీతం పని చేసినందుకు వచ్చే హక్కు, దానికోసం కోర్టుకు పోవచ్చు. బోనస్ ఇచ్చేవాడి దయ, రేపు ఆపితే అడగడానికి కాగితం ఉండదు. అందుకే మొదటి పేజీలో రెండు గళ్ళు గీయండి, ఒకటి హక్కుగా వచ్చేది, రెండోది దయగా వచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ మొదటి గడి చిన్నదై, రెండోది పెద్దదవుతుంటే ఆ దేశం ఎటు పోతోందో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

రెండో పేజీ రెండు ధరలకు. ఒకే సరుకుకు ప్రభుత్వ ధర ఒకటి, బయటి ధర ఇంకొకటి ఉన్నాయా అని వెతకండి. వెనిజులాలో 2003 నుంచి డాలరు మీదా, తిండి ధరల మీదా కంట్రోలు పెట్టారు. 2013లో సర్కారు లెక్కలో డాలరు 6.30 బొలివర్లు. 2015 నాటికి బయట అది వందల్లో నడిచింది (ఇవి పాత బొలివర్లు, 2022 నాటివి కావు). 6.30కి డాలరు ఎవరికి దొరుకుతుంది? పైవాళ్ళకు దగ్గరగా ఉన్నవాళ్ళకు. అది తెచ్చి బయట అమ్ముకుంటే ఏ పనీ చేయకుండా కోటీశ్వరుడు. రూపాయి బియ్యం పక్కదారి ఎలా పడుతుందో చూసినదాన్ని కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. వాళ్ళు రోజూ తినే అరేపా అనే రొట్టెకు మొక్కజొన్న పిండి కావాలి. మనకు జొన్న పిండి ఎట్లాగో వాళ్ళకు అది అట్లా. పిండి ధరను తయారీ ఖర్చు కంటే కింద కట్టేస్తే మిల్లు ఆడించేవాడు ఎందుకు ఆడిస్తాడు? షాపుల్లో పిండి మాయమైంది. జనం తెల్లవారుజాము నుంచి క్యూ కట్టారు.

ఇలాంటిదే జింబాబ్వేలో కూడా జరిగింది. 2007లో ముగాబే ప్రభుత్వం ధరలు సగానికి తగ్గించాలని ఆర్డరు వేసి, వినని వ్యాపారులను వేల మందిని అరెస్టు చేసింది. కొద్ది రోజుల్లో షాపులు ఖాళీ. 2009 జనవరిలో ఒక్క నోటు మీదే వంద లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లు అని అచ్చు వేశారు. అంత నోటు వచ్చిందంటే సరుకు లేదని రాసుకోవచ్చు.

మూడో పేజీ కార్డుది. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికివ్వండి.

వెనిజులాలో 2016 నుంచి స్థానిక కమిటీల ద్వారా తక్కువ ధరకు తిండి పెట్టెలు పంచారు. బియ్యం, పిండి, నూనె, పాస్తా, పాలపొడి లాంటివి. ఆ కమిటీల్లో ఉన్నవాళ్ళు ఎక్కువగా పాలక పార్టీ మనుషులే. అదే ఏడాది జూలైలో తిండి సరఫరా మొత్తం రక్షణ మంత్రి చేతికిచ్చారు, అంటే పిండి బస్తాల మీద సైన్యం కూర్చుంది. 2017లో కార్డు వచ్చింది. పిండి ఇచ్చేది, పేర్లు రాసేది, ఓటు అడిగేది ఒకే చెయ్యి అయింది.

దీనికి ముందు కథ కూడా ఉంది. 2003 చివర్లో అధ్యక్షుడు చావెజ్‌ను దింపడానికి రిఫరెండం, అంటే జనం ఓటు, కావాలని లక్షల మంది సంతకాలు పెట్టారు. 2004లో ఆ పేర్లు ఒక చట్టసభ సభ్యుడి వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి. ఆ జాబితాలో పేరున్న చాలామందికి సర్కారు ఉద్యోగాలు, కాంట్రాక్టులు దక్కలేదు. కాబట్టి తేదీల వరుస రాసేటప్పుడు మొదట పేర్ల జాబితా ఎప్పుడు తయారైందో చూడండి, కొరత ఎప్పుడు వచ్చిందో దాని కింద రాయండి.

ఇది నాకు ఎందుకింత పట్టింది అంటే, నేనూ ఆ పని చేశాను కాబట్టి. వేలిముద్ర మిషన్లు రాకముందు మాట. మా వీధి చివర ఏడు ఇళ్ళవాళ్ళు ఒక మీటింగ్‌కు పోలేదని, ఊళ్ళో పెత్తనం చేసే ఒకాయన నా దగ్గరికి మనిషిని పంపాడు. ఆ ఇళ్ళకు "స్టాకు రాలేదు" అని చెప్పమన్నాడు. బియ్యం లోపల గోడకు పేర్చి ఉంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు, డీలర్‌షిప్ పోతే ఇల్లు గడవదు. రెండు రోజులు అట్లాగే చెప్పాను. వాళ్ళలో ఒక అవ్వ రెండో రోజు సాయంత్రం వచ్చి, "అమ్మా, ఈపొద్దు గూడా రాలేదా?" అని అడిగింది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది. లేదన్నాను. మూడో రోజు పొద్దున తలుపు తీయగానే నేనే కబురంపి ఏడు ఇళ్ళకూ తూకం వేసి ఇచ్చాను. ఆ అవ్వ మళ్ళీ ఏమీ అనలేదు. అవతలివాడికి తుపాకీ అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు, నా చేతిలో రిజిస్టరు ఉంటే చాలు. ఇది ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

తర్వాత 2015 ప్రాంతంలో ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. వేలిముద్ర పడితేనే బియ్యం. బండలు మోసి, పత్తి తీసి అరిగిన వేళ్ళు మిషన్‌కు పడక ముసలివాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు, ఆ బాధ చూశాను. అయితే దానితోపాటు ఇంకో మార్పు వచ్చింది. కార్డు ఉన్నవాళ్ళు నా స్టోరుకే రావాలని లేదు, పక్క స్టోరులోనూ తెచ్చుకోవచ్చు. ఆ రోజుతో "స్టాకు రాలేదు" అనే మాటకు బలం పోయింది. వెనిజులాలో కూడా 2014, 2015లో సూపర్ మార్కెట్లలో వేలిముద్ర మిషన్లు పెట్టారు, ఒక్కొక్కరు ఎంత కొనాలో లెక్కగట్టడానికి. మిషన్ చూసి ఏ దేశాన్నీ తీర్పు చెప్పకండి. ఈ ప్రశ్నలు వేయండి: ఇక్కడ ఆపితే ఇంకో చోట దొరుకుతుందా? ఎవరు ఆపారో పేరు పెట్టి అడగవచ్చా? అడిగినవాడికి మర్నాడు ఏమవుతుంది? మన దగ్గర స్టాకు వివరాలు బోర్డు మీద రాయాలి, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. నాకు అలాంటి దరఖాస్తులు రెండుసార్లు వచ్చాయి. వచ్చినప్పుడు భయమేసింది. ఆ భయం డీలరుకు ఉండాలి.

నాలుగో పేజీలో, ఏ లెక్క ఎప్పుడు ఆగిపోయిందో రాయండి. మంచి నెలలో ఏ డీలరైనా రిజిస్టరు చూపిస్తాడు. తేడా ఉన్న నెలలోనే "పుస్తకం ఇంట్లో ఉంది" అంటాడు. వెనిజులా కేంద్ర బ్యాంకు మూడేళ్ళకు పైగా ధరల లెక్కలు చెప్పడం మానేసింది. 2019 మేలో బయటపెట్టినప్పుడు 2018 ద్రవ్యోల్బణం 1,30,060 శాతం అని తేలింది. 2017 మేలో ఆరోగ్య శాఖ లెక్కలు బయటికొచ్చాయి: 2016లో పసిపిల్లల మరణాలు 30 శాతం, కాన్పుల్లో తల్లుల మరణాలు 65 శాతం పెరిగాయి. రోజుల్లోనే ఆరోగ్య మంత్రి ఉద్యోగం పోయింది. అంకెలు లేని చోట ఇంకేదైనా తూకం వెతకండి. అక్కడి విశ్వవిద్యాలయాలవాళ్ళు ఇంటింటి సర్వే చేసి మనుషుల బరువు అడిగారు. 2017లో బరువు తగ్గామన్నవాళ్ళు సగటున 11 కిలోలు తగ్గారు.

తప్పుడు లెక్క, లేని లెక్క కంటే ప్రమాదం. చైనాలో 1958 తర్వాత కమ్యూన్ల (ఉమ్మడి వ్యవసాయ సంఘాల) పెద్దలు పైవాళ్ళ మెప్పు కోసం పండని పంట పండిందని రాశారు. ఆ లెక్క ప్రకారమే సర్కారు ధాన్యం ఎత్తుకుపోయింది, 1959లో ఎగుమతి కూడా చేసింది. ఊళ్ళు దాటి పోకుండా జనాన్ని కట్టేశారు. కోట్ల మంది చచ్చిపోయారు. రిజిస్టరులో లేని బస్తా రాస్తే, గోడౌన్‌లో ఉన్న బస్తా పోతుంది. నేను తూకం వేసేటప్పుడు ఎన్నోసార్లు ఇదే గుర్తొచ్చేది.

చివరి పేజీ, ఎవరు వెళ్ళిపోయారు. మా పడమటి మండలాలవాళ్ళు ఏటా గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఇళ్ళకు తాళాలు, బడిలో పిల్లలుండరు, నా స్టోరుకు ఆ కార్డులవాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. కానీ వాళ్ళు తిరిగొస్తారు, ఎన్నికలకు బస్సుల్లో వచ్చి మరీ ఓటేస్తారు. వెనిజులా నుంచి 70 లక్షల మందికి పైగా పోయారు, చాలామంది కొలంబియా వైపు వంతెన దాటి నడిచే పోయారు. తిరిగి రాగలిగేలా పోయారా, లేదా అన్నది రాసుకోండి. కోపమున్నవాళ్ళు దాటిపోతే పాలించేవాడికి సులువే.

ఒక్క జాగ్రత్త. అన్ని కష్టాలూ నియంత వల్లే అని రాసేస్తే పేపర్ దిద్దేవాళ్ళు మార్కులు తీసేస్తారు, తీసేయాలి కూడా. 2014లో ఆ దేశం ఆధారపడిన ముడి చమురు ధర పడిపోయింది. అమెరికా ఆంక్షలు 2017 ఆగస్టులో అప్పుల మీద, 2019 జనవరిలో చమురు మీద పడ్డాయి, అవి జనాన్ని ఇంకా నలిపాయి. కానీ ధరల కంట్రోలు 2003 నాటిది, సంతకాల జాబితా 2004 నాటిది. చమురు కంపెనీలో సమ్మె చేసిన దాదాపు 18 వేల మందిని 2003లోనే తీసేశారు, పని తెలిసినవాళ్ళు అట్లా పోయారు. తేదీలు ఒకదాని కింద ఒకటి రాస్తే ఏది ముందో మీకే కనిపిస్తుంది.

ఎక్కడో దేశంతో మొదలుపెట్టడం కష్టమనిపిస్తే మన సీమతోనే మొదలుపెట్టండి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. అప్పుడు మా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. జనం రాలిపోతుంటే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కింది. కరువు చూడటానికి బ్రిటిష్ సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కాస్త డబ్బు చాలన్నాడు. పౌండు అంటే దాదాపు 450 గ్రాములు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ అది చాలదని పోరాడి రాస్తే తర్వాత కొంత పెంచారు. ఓటు లేదు, అడిగే చోటు లేదు. మొదటి పేజీలో 450 గ్రాములు రాసి, పక్కన మీ ఇంట్లో ఒక పెద్ద మనిషి రోజుకు తినే బియ్యం తూచి రాయండి.

తర్వాత ఇంట్లో ముసలివాళ్ళను అడగండి. నా నోట్‌బుక్‌లో కార్డు పేజీ మీద అన్నిటికంటే పైన ఉన్నది మా అమ్మ మాట. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు. తమ్ముణ్ణి ఎత్తుకొని రోజూ పోయేదంట. చెంబు ఉంటే పోసేవాళ్ళంట. ఇంటిపేరు గూడా అడిగేవాళ్ళు కాదంట.