రాగి రేకు మీద నగరం – 4వ పాఠం: దూరం, దగ్గర

ద్రావణం తినలేని పూత వేసిన రాగి రేకు సిద్ధంగా ఉంది కాబట్టి ఇక ఎచింగ్: సూదితో పూత మీద గీయడం, బయటపడిన రాగిని ద్రావణంతో కొరికించడం.

నగర దృశ్యాలకు జోసెఫ్ పెనెల్ (1857–1926) మంచి గురువు. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఈయన 1904లో న్యూయార్క్ ఆకాశహర్మ్యాలను ఎచింగులుగా చెక్కాడు. భార్య ఎలిజబెత్‌తో కలిసి సేకరించిన, చిత్రకారుడైన విస్లర్ కళాకృతులు, పత్రాలను 1917లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశాడు. రేకును వీధిలోకే తీసుకెళ్లి, కనిపించింది కనిపించినట్టు గీసేవాడు. అందువల్ల అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి. న్యూయార్క్‌లోని ఫ్లాటైరన్ భవనాన్ని ఉత్తరం వైపు నుంచి చూస్తే ఎడమన బ్రాడ్‌వే, కుడిన ఫిఫ్త్ అవెన్యూ. నేరుగా గీస్తే అచ్చులో అవి చోట్లు మారతాయి. మారనివ్వండి. తిప్పి గీయాలన్న ధ్యాసలో చెయ్యి బిగుసుకుపోతుంది. దుకాణాల బోర్డులు మాత్రం తిరగేసి రాయండి.

సూది ఒత్తిడి అంతటా ఒకటే ఉండాలి. రాగి మెరుపు కనిపిస్తే చాలు, లోతుగా గీరక్కర్లేదు. నలుపు ఎంతన్నది ద్రావణంలో ఉంచే సమయమే తేలుస్తుంది.

రాగిని తినే ద్రావణమైన ఫెర్రిక్ క్లోరైడ్‌ను 40 బోమే (సాంద్రత కొలత) గాఢతలో ప్లాస్టిక్ తొట్టిలో పోయండి, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. రేకు వెనకవైపు టేపు అంటించి, గీసిన ముఖం కిందికి ఉండేలా, మూలల కింద ఆనింపు పెట్టి దించండి. ముఖం పైకి ఉంటే గీతల్లో మడ్డి పేరుకుని కొరకడం ఆగిపోతుంది.

10 నిమిషాలకు తీసి, కడిగి, ఆరబెట్టి, దూరపు గోపురాలను వార్నిష్‌తో మూసేయండి. మరో 10 నిమిషాలకు నడిమి భవనాలను. దగ్గరి గోడలు, నీడలకు ఇంకో 40. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది కాబట్టి ముందు అదే రకం రాగి ముక్క మీద ఈ సమయాలు సరిచూసుకోండి. వార్నిష్ పూర్తిగా ఆరకముందే దించితే అంచుల కిందికి ద్రావణం పాకి, మచ్చలు పడతాయి.

ఎక్కువగా చెడేది కిటికీల దగ్గరే. ద్రావణం లోతుకే కాదు, పక్కలకూ తింటుంది. దగ్గరి భవనంలో గీతలు ఒత్తుగా ఉంటే మధ్యనున్న పూత కూలి, అవన్నీ కలిసి ఒకే వెడల్పాటి గుంట అవుతుంది. అందులో సిరా నిలవదు. నల్లగా రావలసిన చోట వెలిసిపోయిన బూడిద రంగు పడుతుంది. అందుకే ఎక్కువసేపు కొరికించే చోట గీతలు ఎడంగా, దూరపు భవనాల్లో దగ్గరగా గీయండి.

వచ్చే పాఠంలో పూత తీసి సిరా పట్టిద్దాం.